ముందుగా ఇచ్చిన పైకం ఎవరిది?

పహాడీ షరీఫ్ గుట్ట దిగి శ్రీశైలం రోడ్డు దాటి గల్లీల్లోకి వెళితే ఏదో ఒక ఇంటి ముందు ఇసుక కుప్పో, కంకర కుప్పో, సగం లేచిన గోడో కనిపిస్తుంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తర్వాత ఈ చుట్టుపక్కల నేల రూపమే మారిపోయింది. రేకుల ఇళ్ళు స్లాబు ఇళ్ళయ్యాయి. స్లాబు ఇళ్ళ మీద మరో అంతస్తు లేచింది. గల్ఫ్‌లో ఎండకు మాడిన కొడుకు పంపిన సొమ్ము, చిట్టీ ఎత్తిన సొమ్ము, అమ్మీ చేతి గాజులు అమ్మగా వచ్చిన సొమ్ము – ఇవన్నీ చివరికి చేరేది ఆ గోడల్లోకే. అందుకే ఇంటి పనికి సంబంధించిన లావాదేవీ మన కుటుంబాల్లో చిన్న విషయం కాదు.

ఆ గల్లీల్లోనే ఉండే ఒక పెద్దాయన ఆ మధ్య జుమా నమాజు తర్వాత మమ్మల్ని కలిశారు. ఆయన ఇల్లు ఇరవై ఏళ్ళ నాటిది. వర్షాకాలంలో స్లాబు కురుస్తోంది. కూతురి నికాహ్‌కు ముందే ఇల్లు బాగు చేయించి, పైన ఒక గది వేయించాలని సంకల్పం. జిద్దాలో ఉన్న కొడుకు ఎవరి ద్వారానో ఒక సంస్థను కుదిర్చాడు. ప్లాను గీయడం, కూలీలను పెట్టడం, సామాను తెప్పించడం, పని చూసుకోవడం అన్నీ వాళ్ళే చేస్తారట. ఖర్చు 9 లక్షలని లెక్క వేశారు. అందులో 90 వేలు డిజైన్ ఫీజు, పర్యవేక్షణ ఫీజు, సామాను అడ్వాన్సు కింద పని మొదలు కాకముందే కట్టాలి. కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఒక షరతు కూడా ఉంది: ఎట్టి పరిస్థితిలోనూ ఈ పైకం వాపసు చేయబడదు.

“ఒక్క ఇటుక కూడా కదల్చకుండా 90 వేలు తీసుకోవడం జాయిజేనా? తెలిసి తెలిసి ఇచ్చిన మాకు పాపం కాదా?” అని పెద్దాయన ప్రశ్న. ఫోనులో కొడుకు వాదన వేరు. “అబ్బా, డాక్టరు ఫీజు రోగం తగ్గాక ఇస్తామా? వాళ్ళ పనే అది” అంటాడు.

నిజం చెప్పాలంటే తండ్రి మాటలోనూ న్యాయముంది, కొడుకు మాటలోనూ న్యాయముంది. మేము ఆ రోజు తొందరపడి జవాబు చెప్పలేదు. నమాజు, రోజాల మసాయిల్ మనం అడిగి తెలుసుకుంటాం. లక్షల రూపాయలు చేతులు మారే వ్యవహారంలో మాత్రం ‘అందరూ చేసేదే కదా’ అని ఊరుకుంటాం. రేపు ప్రళయ దినాన ఈ లెక్క కూడా అడగబడుతుంది కదా!

ముందుగా డబ్బు ఇవ్వడం దానంతట అది హరామ్ కాదు. దైవప్రవక్త (సల్లం) హిజ్రత్ చేసి మదీనా చేరేనాటికి అక్కడి ప్రజలు ఖర్జూర పంటకు ఏడాది, రెండేళ్ళ ముందే పైకం చెల్లించేవారు. రైతుకు పెట్టుబడి అందేది, కొనేవాడికి పంట దక్కేది. దైవప్రవక్త (సల్లం) ఈ పద్ధతిని ఆపలేదు. అయితే అలా ముందుగా చెల్లించేవారు తెలిసిన కొలతకు, తెలిసిన తూకానికి, తెలిసిన గడువుకు మాత్రమే చెల్లించాలని ఆదేశించారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఫిఖహ్ భాషలో దీన్ని ‘సలమ్’ అంటారు. గమనించండి, అక్కడ సంస్కరించబడింది డబ్బు ఇచ్చే సమయం కాదు. ఆ డబ్బుకు ఏమి వస్తుందో తెలియని స్థితి.

ఇంటి పని ఖర్జూరం కాదు గనుక దీనికి మరికొన్ని నియమాలున్నాయి. చేయించుకునే వస్తువు కోసం కుదుర్చుకునే ఒప్పందాన్ని ‘ఇస్తిస్నా’ అంటారు. దైవప్రవక్త (సల్లం) తన కోసం ఉంగరం చేయించుకున్నారు. ఒక అన్సారీ మహిళకు కబురు పంపి, ఆమె వద్ద ఉన్న వడ్రంగి చేత మింబర్ చేయించారు. ఇటువంటి ఒప్పందంలో పైకం ముందు ఇవ్వవచ్చు, వాయిదాలలో ఇవ్వవచ్చు, తర్వాతా ఇవ్వవచ్చు. ఇక మనిషి శ్రమకు, నైపుణ్యానికి ఇచ్చే ఉజ్రత్ విషయంలో ఇమామ్ మర్గీనానీ ‘హిదాయా’ గ్రంథంలో హనఫీ నియమాన్ని వివరించారు. ముందే ఇవ్వాలని షరతు పెట్టుకుంటే ముందే ఇవ్వాలి. షరతు లేకపోయినా యజమాని తనంతట తాను ముందే ఇస్తే అది చెల్లుతుంది. ఈ రెండూ లేకపోతే పని పూర్తయ్యాక ఇవ్వాలి. కాబట్టి కొడుకు చెప్పిన డాక్టరు ఫీజు ఉదాహరణ తప్పు కాదు.

అయితే డబ్బు ముందా, పని ముందా అన్నది అసలు ప్రశ్న కాదని మాకు అనిపిస్తుంది. చేతులు మారిన ఆ క్షణం నుంచి ఆ పైకం ఎవరిది? ఇదీ అసలు ప్రశ్న. పెద్దాయన కాగితంలో 90 వేలూ ఒకే అంకెగా రాసి ఉంది. విప్పి చూస్తే అందులో వేర్వేరు స్వభావాలు గల డబ్బు కలిసి ఉంది. అన్నింటికీ ఒకే హుకుం వర్తించదు.

ప్లాను గీసినందుకు ఇచ్చేది ఉజ్రత్. గీసి, చూపించి, మీరు ఒప్పుకున్న తర్వాత ఆ మేరకు డబ్బు అతనిదే. ఆ ప్లాను ప్రకారం మీరు ఇల్లు కట్టినా, కట్టకపోయినా అతని హక్కు పోదు. ఇక్కడ మన కుటుంబాల గురించే ఒక చేదు మాట చెప్పుకోవాలి. కొలతలు తీయడానికి పిలుస్తాం, చాయ్ ఇస్తాం, రెండుసార్లు ప్లాను మార్పిస్తాం. ‘ఇంట్లో మాట్లాడి చెబుతాం బేటా’ అని పంపించి, ఆ కాగితాన్ని ఫోటో తీసి మన మేస్త్రీ చేతిలో పెడతాం. ‘గీతలకు కూడా డబ్బా?’ అని నవ్వుకుంటాం. మేస్త్రీ చెమట కంటికి కనిపిస్తుంది కాబట్టి అది శ్రమ అంటాం, రాత్రి కూర్చుని మెట్లు ఎక్కడ రావాలో, నీళ్ళు ఎటు పోవాలో లెక్క వేసినవాడి శ్రమ మనకు కనిపించదు. ప్రళయ దినాన స్వయంగా అల్లాహ్ ఎవరికి ప్రతివాదిగా నిలుస్తానన్నాడో ఆ ముగ్గురిలో ఒకడు, కూలీ చేత పూర్తిగా పని చేయించుకుని ఉజ్రత్ ఎగ్గొట్టినవాడు. ఈ హదీసును మనం కాంట్రాక్టర్లకు వినిపిస్తుంటాం. ఆ ఫోటో తీసిన రోజున మనకూ వినిపించుకోవాలి.

పర్యవేక్షణ ఫీజు సంగతి వేరు. అది నాలుగు నెలల శ్రమకు వెల. ఒక నెల గడిస్తే ఒక నెల ఉజ్రత్ అతని హక్కు. మిగిలిన మూడు నెలల సొమ్ము జేబులో ఉన్నప్పటికీ, పని చేసే వరకు దాని బాధ్యత అతని మెడ మీద ఉంటుంది. మొత్తం ఖర్చులో ఇంత శాతం అని ఫీజు కుదుర్చుకుంటే ఇంకో చిక్కు. ఖర్చు పెరిగినకొద్దీ చూసుకునేవాడి ఆదాయం పెరుగుతుంది. ఖర్చు తగ్గించవలసినవాడికే తగ్గించడం వల్ల నష్టం! జగడానికి దారి తీసే అస్పష్టత ఒప్పందాన్ని పాడు చేస్తుందని ధర్మవేత్తలు చెప్పింది ఇటువంటి వాటి గురించే. అంకె ముందే స్థిరపరచుకుంటే ఇద్దరికీ మేలు.

‘వాపసు లేదు’ అనే షరతు సంగతి చూద్దాం. మన హైదరాబాదులో దీనికి పాత పేరే ఉంది, బయానా. కొనేవాడు కొంత ఇస్తాడు, బేరం నుంచి తప్పుకుంటే అది అమ్మేవాడికి వదిలేస్తాడు. అరబీలో ‘ఉర్బూన్’ అంటారు. హనఫీ, మాలికీ, షాఫియీ ఇమాములు దీన్ని అంగీకరించలేదు. బదులుగా ఏమీ ఇవ్వకుండా ఎదుటివాడి సొమ్ము తినడమేనని వారి వాదన. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ అనుమతించారు. మక్కాలో హజ్రత్ ఉమర్ (రజి) కోసం సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఇంటిని ఇటువంటి షరతుతోనే కొన్న ఉల్లేఖనం ఆయనకు ఆధారం. మన కాలంలో 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, గడువు నిర్ణయించుకున్నట్లయితే బయానా చెల్లుతుందని తీర్మానించింది. ఇంతటి భేదాభిప్రాయం ఉన్న చోట ఎవరినీ హరామ్‌ఖోర్ అని నిందించకూడదు. ఎవరైనా తమ ఇమామ్ ఫత్వా అడిగి నడుచుకోవాలి.

అయితే ‘హిదాయా’లో ఒక ఉదాహరణ ఉంది, చదివినప్పుడల్లా మాకు ముచ్చటేస్తుంది. ఒకడికి పన్ను నొప్పి. పీకించుకోవడానికి మనిషిని కుదుర్చుకున్నాడు. అతను వచ్చేసరికి నొప్పి తగ్గిపోయింది. ఇప్పుడు ఒప్పందం ప్రకారం పన్ను పీకవలసిందేనా? అవసరం లేదు, సహేతుకమైన కారణం ఉంటే ఉజ్రత్ ఒప్పందం రద్దు చేసుకోవచ్చునంటుంది హనఫీ ఫిఖహ్. అదే విధంగా వలీమా కోసం వంటవాడిని కుదుర్చుకున్నాక పెళ్ళే తెగిపోతే వంట చేయించుకోనక్కరలేదు. నికాహ్ ఆగిపోయిందనుకోండి, జిద్దాలో కొడుకు ఉద్యోగం పోయిందనుకోండి, అప్పుడు పైన గది ఎందుకు? ‘ఎట్టి పరిస్థితిలోనూ’ అనే మాట ఆ నొప్పి తగ్గిన పన్నును కూడా పీకేస్తానంటుంది. చేసిన పనికి, నిజంగా పెట్టిన ఖర్చుకు తీసుకుని మిగిలినది తిరిగి ఇచ్చేయడం న్యాయమని మా అభిప్రాయం. ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉండాలన్నది నిజమే. హరామును హలాలు చేసే షరతుకు మాత్రం ఆ బలం లేదని ఆ హదీసులోనే ఉంది.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది సామాను కోసం ఇచ్చిన డబ్బు. సిమెంటు బస్తాలకు, ఇనుముకు, టైల్సుకు మీరిచ్చిన 40 వేలు అతని సంపాదన కాదు. మీ తరఫున కొనడానికి అతను మీ వకీలు మాత్రమే. అతని చేతిలో ఉన్నంత సేపూ అది మీ సొత్తు, అతని దగ్గర అమానతు. ఆ రాత్రి అతను మరణిస్తే ఆ డబ్బు వారసులు పంచుకునేది కాదు, మీకు చేరవలసినది. ఈ రంగంలో ‘రొటేషన్’ అని ఒక మాట చాలా మామూలుగా వాడతారు. పహాడీ షరీఫ్ ఇంటివారిచ్చిన అడ్వాన్సుతో షాహీన్ నగర్ ఇంటి టైల్సు వస్తాయి, షాహీన్ నగర్ వారి పాత బాకీ మరొకరి అడ్వాన్సుతో తీరుతుంది. కొత్త ఇల్లు దొరికినంత కాలం బండి నడుస్తుంది. ఒక నెల కొత్త ఇల్లు దొరకదు. ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు. అతను మొదటి రోజునే దొంగ కాకపోవచ్చు. చాలామంది కారు కూడా. అమానతును తన సొమ్ముగా లెక్కించుకున్న రోజున మాత్రం ఖియానత్ మొదలైంది. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలన్న సూరా అన్నిసా 58వ ఆయతుకు వ్యాపార సౌలభ్యం పేరిట మినహాయింపు లేదు.

కమీషను కూడా ఇందులో భాగమే. టైల్సు దుకాణంవాడు మీ బిల్లు మీద అతనికి కొంత ముట్టజెబుతాడు. ‘అది దుకాణంవాడు ఇష్టంతో ఇచ్చిన కానుక’ అంటాడు. దైవప్రవక్త (సల్లం) జకాత్ వసూలుకు ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని పంపారు. అతను తిరిగి వచ్చి ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందని రెండు కుప్పలు చూపించాడు. అతను తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదేమో చూడవలసిందని దైవప్రవక్త (సల్లం) మింబర్ మీద నుంచే మందలించారు. మీ ఇంటి పని లేకపోతే టైల్సు దుకాణంవాడు అతనికి చాయ్ అయినా పోసేవాడా? ముందే చెప్పి, మీరు ఒప్పుకున్నాక తీసుకుంటే వేరు సంగతి. దాచి తీసుకుంటేనే ఈ హదీసు పరిధిలోకి వస్తుంది.

గోడ బాగు చేసినందుకు ఉజ్రత్ తీసుకోవడం గురించి ఖుర్ఆన్‌లోనే ప్రస్తావన ఉంది. సూరా కహఫ్‌లో హజ్రత్ మూసా (అలై), ఖిజ్ర్ (అలై) ఒక ఊరికి వెళతారు. అన్నం అడిగితే ఆ ఊరివారు పెట్టరు. అయినా కూలిపోబోతున్న గోడను ఖిజ్ర్ (అలై) నిలబెడతారు. కోరితే దీనికి ఉజ్రత్ తీసుకొని ఉండవచ్చునే అంటారు మూసా (అలై). ఆ గోడ ఇద్దరు అనాథ బాలలదని, దాని కింద వారి నిధి ఉందని తర్వాత తెలుస్తుంది. అదే సూరాలో జుల్‌ఖర్‌నైన్ యాజూజ్ మాజూజ్ భయంతో ఉన్న ఒక జనసమూహం వద్దకు చేరుకుంటారు. అడ్డుగోడ కట్టిపెట్టండి, సొమ్ము ముట్టజెబుతామని వాళ్ళే ముందుగా అంటారు. ఆయన డబ్బు వద్దంటారు. మనుషుల శ్రమను, ఇనుప ముక్కలను అడుగుతారు. మేము ఇక్కడ ఆగి ఆలోచించేది ఒకటే: పని మొదలు కాకుండానే సొమ్ము ఇవ్వడానికి సిద్ధపడేవాడు తరచుగా భయంలో ఉన్నవాడు. స్లాబు కురుస్తోంది, నికాహ్ తేదీ దగ్గర పడుతోంది, కొడుకు సెలవు ముగిసిపోతోంది. ఆ భయాన్ని బేరానికి వాడుకోవచ్చునా అనేది తీసుకునేవాడు తన మనస్సాక్షిని అడుక్కోవలసిన ప్రశ్న.

మరి నమ్మడం ఎలా? మద్‌యన్ వృద్ధుని కుమార్తె మూసా (అలై) గురించి తండ్రికి చెప్పిన అర్హతలు రెండు: బలం, నమ్మకం. సామర్థ్యం లేని నిజాయితీపరుడు మీ స్లాబును మళ్ళీ కురిపిస్తాడు. నిజాయితీ లేని సమర్థుడు అందంగా కట్టి మిమ్మల్ని ముంచుతాడు. మనం మాత్రం గడ్డం చూసి, సలాం చెప్పిన తీరు చూసి మూడో అర్హత కల్పించుకుంటాం. వడ్డీ లేని హలాల్ లాభం పేరు విని మన నగరంలో ఎన్ని ఇళ్ళు సొమ్ము కట్టి, 2018 తర్వాత కోర్టుల చుట్టూ తిరిగాయో మనకు తెలియనిది కాదు. రశీదు అడిగితే భాయ్ నొచ్చుకుంటాడని మొహమాటపడతాం. ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు అల్ బఖర 282. అది గడువు పెట్టుకున్న లావాదేవీని వ్రాసుకోవడం గురించి, సాక్షుల గురించి. చిన్నదైనా పెద్దదైనా వ్రాసుకోవడానికి బద్ధకించవద్దని అందులో ఉంది. ఆ ఆయతును మొదట విన్నవారు సహాబాలు. వారికన్నా నమ్మదగినవారమా మనం?

దేశ చట్టం కూడా కొంత తోడుంది. కొత్త ఫ్లాటు అమ్మేవాడు రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి ముందుగా తీసుకోకూడదని 2016 నాటి రెరా చట్టం చెబుతుంది. సొంత ఇంటి మరమ్మతుకు అటువంటి పరిమితి లేదు, కాబట్టి కాగితమే మీ రక్ష. ఆర్కిటెక్టునని చెప్పుకునేవాడు 1972 నాటి చట్టం కింద ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి, నంబరు అడగండి. ఇంటీరియర్ డిజైనర్ అనే పేరుకు ఆ నిబంధన లేదు. డబ్బు తీసుకుని పని ఎగ్గొడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా కూడా పొందవచ్చు.

తర్వాతి జుమాకు పెద్దాయనకు మేము ఈ మాటలే చెప్పాము. 90 వేలను విడగొట్టి రాయమని అడగండి: ప్లానుకు ఇంత, నెలనెలా పర్యవేక్షణకు ఇంత. సామాను డబ్బు నేరుగా దుకాణానికి, బిల్లు మీ పేరున. ఆయన అలాగే అడిగారు. వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడే. “చాచా, కంపెనీ రూలు మార్చడం నా చేతిలో లేదు” అన్నాడు. బేరం కుదరలేదు. పాత మేస్త్రీకే పని అప్పగించారు.

కానీ కుర్రవాడు మొదటిసారి వచ్చినప్పుడు గీసి ఇచ్చిన కాగితం ఒకటి ఇంట్లో ఉండిపోయింది. మెట్లు లోపలి నుంచి కాకుండా పక్క గోడ వెంట పెడితే కింది గది చెడదని అందులో చూపించాడు. మేస్త్రీ అది చూసి ఇలాగే చేద్దామన్నాడు. పెద్దాయన మళ్ళీ మా దగ్గరకు వచ్చారు, ఈసారి కాగితం పట్టుకుని. “దీనికి ఫీజు మాట్లాడుకోలేదు. వాడుకోవచ్చా?” వెల ఎంతో అతన్నే అడగండి అన్నాము. అక్కడే ఫోను చేశారు. అటువైపు కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత నవ్వాడు. ఆ కాగితానికి ఇంతవరకు ఎవరూ డబ్బు ఇస్తామనలేదట. కంపెనీని అడిగి చెబుతానని, సాయంత్రం 5 వేలు అని చెప్పాడు. మరునాడు పెద్దాయన మామిడిపల్లి దాకా ఆటోలో వెళ్ళి ఇచ్చి, రశీదు అడిగి తీసుకుని వచ్చారు.